సూది లేని సూదుల పెద్దమ్మ

మా బజారు పిల్లలకు పెద్దవాళ్ళ మాట నమ్మకూడదని మొదట తెలిసేది ఉసామి తోమి ఇంటి దగ్గర. గుమ్మం పైన చెక్క బోర్డు మీద 'పిల్లలకు సూదులు' అని రాసి ఉంటుంది. లోపల వెతికితే బొత్తాలు కుట్టుకునే సూది తప్ప మరొకటి దొరకదు. కానీ తల్లులు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే "పద, సూదులకి" అంటారు కదా, ట్రాము పట్టాలు దాటే చోటు నుంచే శోకాలు మొదలవుతాయి. ఆ పక్క గదిలో సెలూన్ నడుపుతున్నవాణ్ణి నేను, ఒరిహరా. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఏడుపుల మధ్యే గడ్డాలు గీస్తున్నాను. తెగిన చెవులు రెండే రెండు. అందులో ఒకటి నాది.

మా ఒసాకాలో మనిషి తప్పు చెయ్యడు, అతని లోపలున్న పురుగు చేస్తుంది. పెళ్ళాం మీద విసుక్కుంటే ఆ రోజు పురుగు కూర్చున్న చోటు బాగాలేదంటాం. ఒకడి మొహం నచ్చకపోతే మాకేం పగ లేదు, మా పురుగుకి వాడు నచ్చలేదంటాం. ఇంత సదుపాయం పెద్దలకుంటే పిల్లలకు మాత్రం ఎందుకుండదు? పిల్ల కేకలు పెట్టినా, అన్నం ఊసేసినా, పక్క తడిపినా, పక్కవాణ్ణి కొరికినా కడుపులో పురుగు లేచిందంటారు. లేచిన పురుగును పడుకోబెట్టడానికి తోమి దగ్గరకు తెస్తారు.

ఆవిడ చేసేది చూస్తే ఎవరికైనా ఇదేం వైద్యమనిపిస్తుంది. అన్నం తినే పుల్లలో సగం ఉండే వెండి కడ్డీ ఒకటి, దాని కొన గుండ్రంగా ఉంటుంది. చిన్న దువ్వెన లాంటి ఇత్తడి ముక్క ఇంకొకటి. ముందు టీ గ్లాసు పట్టుకుని రెండు చేతులూ వెచ్చబెట్టుకుంటుంది. తర్వాత పిల్ల చొక్కా పైకి లాగి వీపు, పొట్ట, మోచేతులు, పిక్కలు, చెవుల వెనక అలా అలా రాసుకుంటూ పోతుంది. గుచ్చడం లేదు, నొక్కడం లేదు. మూడు నిమిషాల్లో అయిపోతుంది. అంత ఏడ్చిన పిల్ల నోరు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంటుంది. చివర్లో ఒక పిప్పరమెంటు బిళ్ళ.

కొత్తగా వచ్చిన తల్లి ప్రతి ఒక్కతీ అడిగే మాట ఒకటుంది.

"అంతేనా అండీ?"

"ఇంకా కావాలా? కూరలో ఉప్పు సరిపోయాక ఇంకో చెంచా వేస్తావా నువ్వు?" అంటుంది తోమి. "వేస్తావులే. మీ ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది."

నిజానికి అక్కడే ఉంది కిటుకంతా. ఎక్కువైతే పిల్లకు ఒళ్ళు వేడెక్కి ఇంకా మొండికేస్తుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. ఆవిడ చేతికి తెలుసు. నోటికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కడ్డీ పిల్ల వీపు మీద తిరుగుతున్నంత సేపూ నోరు తల్లి మీద తిరుగుతుంది. "పొద్దున్న లేచి దీనికి అన్నం పెట్టే ముందు నువ్వు తిన్నావా? తినలేదు. ఆకలితో ఉన్నదానివి పిల్ల మీద అరవక ఏం చేస్తావు?" తనను తిట్టే అమ్మను ఇంకెవరో తిడుతుంటే ఏ పిల్లకు హాయిగా ఉండదు చెప్పండి. రోగం సగం అక్కడే కుదురుతుందని నా అనుమానం. ఆ ముక్క ఆవిడతో అంటే నెల రోజులు నాతో మాట్లాడలేదు.

తోమి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. సూదులతో రోగాలు కుదిర్చే పని ఆ ఇంటి మగవాళ్ళది. మామగారు గొప్పవాడట. కొడుకు కింజోకి మాత్రం తండ్రి పోలికలన్నీ వచ్చి చేతులొక్కటీ రాలేదు. అతను పిల్ల వీపు రాస్తే చేపకు పొలుసు గీకినట్టుండేదని బజారులో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముసలాయన కొడుక్కి పని నేర్పాలని సోయా పాలు కాచి, పైన కట్టిన పలచటి మీగడ మీద కడ్డీ నడపమనేవాడు. మీగడ చిరగకూడదు, ముడత పడకూడదు. కింజో ఏడాదిలో ఎన్ని గిన్నెల మీగడ చింపాడో లెక్కలేదు. చిరిగిందంతా తినాల్సింది కోడలే. తిని తిని విసుగొచ్చి, ఒకరోజు మామగారు చూస్తుండగానే కడ్డీ లాక్కుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిపేసింది. మీగడ కదల్లేదు. ముసలాయన గిన్నె వంకా, కోడలి వంకా, కొడుకు వంకా చూసి, కొడుకుతో "నువ్వెళ్ళి పాలు కాయి" అన్నాడట.

కింజో ఏమీ అనుకోలేదు. అతను మంచివాడు. మొగుడు పాలు కాచాడు, పెళ్ళాం చదివి పరీక్ష రాసింది, బోర్డు మీద పేరు మార్చారు. వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. దాని గురించి తోమి ఎప్పుడూ ఏడవగా నేను చూడలేదు గానీ, మా వార్డులో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరి వీపులూ ఆవిడకు గుర్తే. ఒకసారి ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి బజారు మధ్య డబ్బా ఎక్కి దేశం గురించి మాట్లాడుతుంటే, ఈవిడ కూరగాయల సంచీతో ఆగి, "ఒరేయ్, ఆరేళ్ళ దాకా పక్క తడిపావు, గుర్తుందా? కుడి పిర్ర మీద పుట్టుమచ్చ అలాగే ఉందా?" అని అడిగింది. పాపం, గెలిచాడు. మచ్చ ఉన్నట్టు ఒప్పుకున్నందుకే గెలిచాడంటారు.

అలాంటి తోమికి లోకంలో ఒకే ఒక్కడంటే అసహ్యం. ఊరి చివర కొండ దిగువ గుడిలో ఒక పూజారి ఉండేవాడు. ఆయన పిల్లల అరచేతిలో సిరాతో ఏదో అక్షరం రాసి, మంత్రం చదివి, నీళ్ళతో కడిగి, తువ్వాలుతో తుడిచి, "అదుగో, చూడండి" అనేవాడు. చూస్తే వేలి కొసల నుంచి సన్నటి తెల్లటి పోగులు గాలిలో ఊగుతూ పైకి లేచేవి. అవే పురుగులట. తల్లులు దణ్ణాలు పెట్టేవాళ్ళు.

"పురుగులూ లేవు, వాడి పిండాకూడూ లేదు. అది తువ్వాలు నూలు," అనేది తోమి. "తడి చేతికి అంటుకున్న పోగు ఆరితే పైకి లేవదూ? నా దగ్గర అలాంటి వేషాలు ఉండవు. యాభై ఏళ్ళలో ఒక్క పురుగును చూపించలేదు, చూపించను."

ఆ మాట అన్నదని ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో ఎక్స్‌పో అని ప్రపంచ ప్రదర్శన జరిగిన మరుసటి ఏడు వానాకాలంలో నిషివాకి వాళ్ళ పిల్ల వచ్చింది.

నిషివాకి వాళ్ళది బజారు చివర కొంబు కొట్టు. ఎండబెట్టిన సముద్రపు నాచు మూడు తరాలుగా అమ్ముతున్నారు. కొట్టు నడిపేది ఫుసా అనే నానమ్మ. డెబ్బై ఏళ్ళు, నిటారు నడుం, సరుకు ఎలా ఉంటుందో మనిషీ అలాగే ఉంటుంది, ఎండి గట్టిపడి. కోడలు ఇకుయో ఆవిడ ముందు నోరెత్తదు. మనవరాలు చిగుసాకు నాలుగేళ్ళు నిండాయి. మూడు నెలల కిందట ఇంట్లో మగపిల్లాడు పుట్టాడు. పుట్టినవాణ్ణి చిగుసా మూడుసార్లు కొరికింది. మూడోసారి చెవి.

వాళ్ళు మొదటిసారి వచ్చిన రోజు నేను మధ్య తలుపు తీసి ఉంచుకుని కత్తెరలకు నూనె వేసుకుంటున్నాను. మా రెండు గదులకూ మధ్యన జరిపే చెక్క తలుపొక్కటే, అది మూసినా మూయకపోయినా అన్నీ వినిపిస్తాయి.

"నెలాఖరు దాకా చూస్తానండీ," అంది ఫుసా చాప మీద కూర్చోకుండానే. "అప్పటికీ పురుగు పోకపోతే వకయామాలో మా ఆడపడుచు దగ్గరకి పంపేస్తా. నారింజ తోటలున్నాయి వాళ్ళకి. పిల్లాడికి కాస్త నడక వచ్చేదాకా అక్కడే ఉంటుంది."

ఇకుయో వీపున కట్టుకున్న పసివాణ్ణి అటూ ఇటూ ఊపుతూ నేల చూసింది.

"నడకొచ్చేదాకా అంటే ఏడాది," అంది తోమి. "అప్పటికి ఇది అక్కడి వాళ్ళని అమ్మా అంటుంది. సరే, చొక్కా తియ్యి తల్లీ. నువ్వు కాదు ఇకుయో, నీకెందుకంత కంగారు."

చిగుసా ఏడవలేదు. అదే నాకు మొదట వింతగా తోచింది. సూదులన్నా బెదరలేదు. వీపు అప్పగించి పడుకుంది. వారానికి రెండుసార్లు చొప్పున వచ్చారు. తోమి దగ్గరున్నంత సేపు పిల్లి పిల్లలా ఉండేది, ఇంటికెళ్ళి సాయంత్రానికల్లా ఎవరో ఒకర్ని కొరికేది. ఒకసారి బేరానికి వచ్చినావిడ చిటికెన వేలు కూడా కొరికింది. ఆవిడ పాత ఖాతాదారు, ఫుసా నేల మీద మోకరిల్లి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అయిదోసారి ఇకుయో పిల్లాడికి పాలివ్వడానికి గోడ వైపు తిరిగి కూర్చున్నప్పుడు, తోమి కడ్డీ ఆపి మెల్లగా అడిగింది.

"ఏమే, ఇక్కడ మెత్తగా ఉన్నదానివి ఇంటికెళ్ళగానే ఎందుకే బిగుసుకుపోతావు?"

"ఇక్కడ పడుకోబెడతావు కదా. ఇంటికెళ్ళి లేపేస్తా," అంది చిగుసా.

"ఎవర్నే?"

"నా పురుగుని."

"ఎందుకు లేపడం?"

పిల్ల వేళ్ళు మడుస్తూ చెప్పింది. "నా పక్క తమ్ముడికిచ్చారు. నా దుప్పటిచ్చారు. అమ్మనిచ్చారు. పురుగు నాది. నేనివ్వను."

గోడ వైపు తిరిగిన ఇకుయో భుజాలు కదలడం కనిపించింది. తోమి పిల్ల చొక్కా కిందికి లాగింది. పిల్లకు రెండు బిళ్ళలిచ్చి పంపేసింది.

ఆ మాట ఇకుయో అత్తగారికి చెప్పిందో, చెప్పే ధైర్యం చాలలేదో నాకు తెలియదు. మూడో రోజున ఫుసా ఒక్కతే వచ్చింది.

"కొండకింది గుళ్ళో అయితే పురుగు బయటికి రావడం కళ్ళకి కనిపిస్తుందంట కదా. మీరు రాస్తున్నారు, రాస్తున్నారు, ఏమొచ్చిందో ఏం పోయిందో నాకేం తెలుస్తోంది? ఆదివారం నాడు పురుగు బయటికొచ్చినట్టు నాకు చూపించండి. లేదంటే సోమవారం పొద్దున్న రైలు."

తోమి మొహం జేవురించింది. ఇక చూడండి. యాభై ఏళ్ళ వృత్తి, మామగారి పేరు, నూలు, తువ్వాలు, కొండకింది వెధవ, కొంబు కొట్టు, అందులో సరుకు, అన్నీ వరసగా వచ్చాయి. ఫుసా విని, తలవంచి నమస్కారం చేసి, "ఆదివారం పదింటికి వస్తాం" అని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ లేని వేళ తోమి నా సెలూన్‌లోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. అద్దంలో తనను తాను కాసేపు చూసుకుంది.

"ఒరేయ్ ఒరిహరా. నీ దగ్గర కొత్త తువ్వాళ్ళున్నాయా?"

"ఉన్నాయి పెద్దమ్మా. ఎందుకు?"

"బాగా నూలు రాలేవి కావాలి."

నేను దువ్వెన కింద పెట్టాను. నవ్వుదామనుకున్నాను, పద్దెనిమిదేళ్ళ వెటకారానికి బదులు తీర్చుకునే అదను మళ్ళీ రాదు. కానీ అద్దంలో ఆవిడ మొహం చూశాక నవ్వు రాలేదు.

"నువ్వేనా అడిగేది?" అన్నాను.

"మరేం చెయ్యమంటావురా? నా పరువు నేను పట్టుకుని కూర్చుంటే ఆ పిల్ల రైలెక్కుతుంది. అది రోగమా చెప్పు? తమ్ముడొస్తే ఎవరికైనా కోపమొస్తుంది. ఆ ముసలిదానికి పోగు చూపిస్తే చాలంటే చూపిస్తా. నల్ల పళ్ళెం కూడా ఒకటి కావాలి. తెల్లగా కనపడద్దూ."

"కొండకింది ఆయనకి తెలిస్తే?"

"వాడికి ఒక డబ్బా బిస్కెట్లు పంపిస్తాలే. నోర్మూసుకుని తువ్వాలు తియ్యి."

ఆదివారం వాన పడుతోంది. తోమి నేల తుడిచి, నల్ల లక్క పళ్ళెం పెట్టి, గోరువెచ్చటి నీళ్ళ గిన్నె పెట్టింది. నా కొత్త తువ్వాలు పక్కన మడిచి ఉంది. నేను మధ్య తలుపు పూర్తిగా తీసేసి నిలబడ్డాను, సిగ్గు పడటానికి ఏమీ మిగల్లేదు. ఫుసా మంచి కిమోనో కట్టుకుని వచ్చింది. ఇకుయో కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గుమ్మంలో చిన్న గుడ్డ మూట కూడా దించింది, రేపటి ప్రయాణానికి పేరు చీటీ కుట్టిన చిగుసా బట్టలవి.

"ఇప్పుడు పురుగు బయటికొస్తుంది," అంది తోమి. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడిందో గొంతులో తెలిసిపోయింది. "చేతులు చాపు తల్లీ."

చిగుసా రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"చాపవే," అంది ఇకుయో. "మా అమ్మవి కదూ, ఒక్కసారి."

చాపింది గానీ పిడికిళ్ళు బిగించింది. తోమి ఆ పిడికిళ్ళనే నీళ్ళలో ముంచింది, తువ్వాలుతో తుడిచింది, వేళ్ళు విప్పబోయింది. పిల్ల విప్పలేదు. ఎంత గట్టిగా బిగించిందంటే మణికట్టు దాకా తెల్లబడిపోయింది. తోమి చేతులు నాకు తెలుసు, అవి లాగవు. బతిమాలాయి, రాశాయి, వేళ్ళ సందుల్లో మెల్లగా తిరిగాయి. లోకంలో ఏ పిల్లయినా వదిలేసే చోట ఈ పిల్ల వదల్లేదు.

"రాదు," అంది చిగుసా. "నేను పట్టుకున్నా."

ఫుసా లేచింది. "సరే. చూశాంగా. పద ఇకుయో, మూట తీసుకో."

నేను పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో తోమి గొంతు ఎన్ని రకాలుగానో విన్నాను. అప్పుడు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. అరవలేదు. చాలా మామూలుగా అంది.

"కూర్చోండి నిషివాకి గారూ. మీ చేతులివ్వండి."

"నావెందుకు?"

"పిల్లల్లో పురుగు దానంతటది పుట్టదు. ఎవర్నుంచి వచ్చిందో చూడాలి కదా. భయమా?"

కొంబు కొట్టు ఫుసాను భయమా అని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ గభాలున కూర్చుని చేతులు రెండూ చాపింది. నాచు కోసి కోసి వేళ్ళ కొసలు గరుకెక్కి పగిలి ఉన్నాయి. తోమి వాటిని నీళ్ళలో ముంచి, తొందర లేకుండా ఒక్కొక్క వేలూ తువ్వాలులో చుట్టి తుడిచి, నల్ల పళ్ళెం మీద పెట్టింది. అందరం వంగి చూశాం.

గరుకు వేళ్ళకు నూలు ఎంత బాగా అంటుకుంటుందో నాకు అంతకు ముందు తెలియదు. పది వేళ్ళ మీదా, పగుళ్ళన్నింటిలోంచీ, తెల్లటి సన్నటి పోగులు మెల్లగా లేచి నిలబడి ఊగసాగాయి. పూజారి జన్మలో అన్ని తెప్పించి ఉండడు. తోమి కూడా తెల్లబోయింది. ఇకుయో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫుసా తన చేతులను ఎవరివో చేతులన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

చిగుసా పళ్ళెం మీదకు వంగి వేలు వేలూ చూసింది. తర్వాత నానమ్మ మొహంలోకి చూసింది.

"నానమ్మా, నీకు చాలా ఉన్నాయి."

పిల్ల ఇంకా దగ్గరకు జరిగింది.

"అయితే నిన్ను కూడా వకయామా పంపించేస్తారా?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగా అడిగింది. నానమ్మ కోసం భయపడుతూ అడిగింది. మా ఆవిడ నన్ను రాతిమనిషి అంటుంది, ఆ రోజు నేను అద్దం తుడిచే వంకతో అటు తిరగాల్సి వచ్చింది. తోమి, ఇకుయో ఇద్దరూ ఫుసా వైపు తిరిగారు. జవాబు చెప్పాల్సిన మనిషి ఒక్కతే.

"ఇద్దరికి టిక్కెట్లు దండగ," అంది చివరికి ఫుసా. "నేను పోతే కొట్టెవరు చూస్తారు? నువ్వు పోతే నాచు పొట్లాల మీద చీటీలెవరు అతికిస్తారు? ఇద్దరం ఇక్కడే పడుందాం."

చిగుసా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికి టైము పట్టింది. తర్వాత ఎవరూ అడక్కుండానే పిడికిళ్ళు రెండూ నానమ్మ ముందు పెట్టి, ఒక్కొక్క వేలే విప్పింది. లోపల చెమట, గోళ్ళు గుచ్చుకున్న ఎర్రటి గుర్తులు నాలుగేసి.

"బయటికి రాలేదు," అంది. "లోపలే ఉంది."

"ఉండనీ," అంది ఫుసా. నూలు పోగులు ఊగుతున్న ఆ గరుకు చేతులతోనే ఆ చిన్న అరచేతులు తుడవడం మొదలుపెట్టింది.